మోకాలి గుజ్జు దెబ్బతిన్నా, తుంటి నొప్పి పట్టుకున్నా: ఏ ఆపరేషన్ ఎవరికి పనికొస్తుంది

మా తమ్ముడికి 34 ఏళ్ళప్పుడు కుడి మోకాలు నొప్పి మొదలైంది. కోవిడ్‌తో ఆసుపత్రిలో పడి స్టెరాయిడ్లు వాడి ఇంటికొచ్చిన ఏడాదికి. మోకాలు ఎక్స్‌రే తీశారు, బాగానే ఉంది అన్నారు, బెల్టు ఇచ్చారు, నూనె రాశాం, కాపడం పెట్టాం, అలా ఐదు నెలలు గడిచిపోయాయి. చివరికి బాసింపట్టు వేసుకుని అన్నానికి కూర్చోలేకపోతుంటే ఇంకో డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాం, ఆయన మోకాలు ముట్టుకోలేదు, పడుకోబెట్టి కాలు మడిచి తుంటి దగ్గర లోపలికి తిప్పారు, వాడు ఒక్కసారి కేక పెట్టాడు. నొప్పి మోకాల్లో తెలుస్తోంది గానీ జబ్బు తుంటిలో ఉంది అన్నారాయన. ఎంఆర్ఐలో చూస్తే తుంటి బంతికి, అంటే తొడ ఎముక పైన గుండ్రంగా ఉండే చివరకి, రక్తం అందక ఎముక చచ్చిపోయి పైభాగం కుంగిపోయి ఉంది. ముందే చూసుంటే బంతిని కాపాడుకునే చిన్న ఆపరేషన్‌కి ఒక అవకాశం ఉండేదేమో, ఇప్పుడు అది దాటిపోయింది అన్నారు.

అదే టైంలో అమ్మకి రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. రెండేళ్ళు ఈ ఇద్దరితో ఆసుపత్రుల చుట్టూ తిరిగాను, ప్రతి చోటా ఒక్కొక్కళ్ళు ఒక్కో ఆపరేషన్ పేరు చెప్పేవాళ్ళు. నాకు అర్థమైంది ఒకటే. ఏ ఆపరేషన్ మంచిది అని అడిగితే జవాబు దొరకదు, మన కీలు ఇప్పుడు ఏ దశలో ఉంది అని అడిగితే సగం ఆపరేషన్లు వాటంతట అవే పక్కకి పోతాయి. మిగిలిన రెండు మూడింటి మధ్యే మనం ఎంచుకోవాల్సింది.

ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది, నొప్పి నిజంగా మోకాలిదేనా. తుంటి జబ్బు నొప్పి ఎక్కువగా గజ్జల్లో వస్తుంది, తొడ ముందువైపు దిగుతుంది, కొందరికి మోకాలి దగ్గరే తెలుస్తుంది, ఎందుకంటే రెండు కీళ్ళకీ కొన్ని నరాలు ఒకటే. కాలి గోళ్ళు తీసుకోవడం, ప్యాంటు వేసుకోవడం, బైకు మీద కాలు అటు వెయ్యడం కష్టమవుతుంటే తుంటి కూడా చూడమని మీరే అడగండి. పిర్ర వెనక నుంచి కాలి కిందికి లాగే నొప్పయితే అది చాలాసార్లు నడుముది, దాని దారి వేరు.

రెండోది, దెబ్బ ఒక్క చోటా లేక కీలంతానా. మనవాళ్ళు అన్నిటికీ గుజ్జు అరిగింది అనే అంటారు. ఎముకల చివర నున్నగా తెల్లగా అంటుకుని ఉండే పొర కార్టిలేజ్, రెండు ఎముకల మధ్య వాషర్ లాగా ఉండేది మెనిస్కస్, ఇవి రెండూ వేరు. కార్టిలేజ్‌కి రక్తనాళాలు లేవు, అందుకే దెబ్బ తగిలితే చర్మం లాగా మానదు. 25 ఏళ్ళ కుర్రాడికి కబడ్డీలో పడి రూపాయి బిళ్ళంత పొర ఊడిపోవడం ఒక రకం, 65 ఏళ్ళ అమ్మకి మోకాలు మొత్తం అరగడం ఇంకో రకం. రోడ్డు మీద ఒక గుంటకి ప్యాచ్ వేస్తారు, రోడ్డంతా లేచిపోతే ప్యాచ్ ఎవరూ వెయ్యరు కదా, ఇక్కడా అంతే.

మూడోది కాలి వంకర. నిలబడితే రెండు చీలమండలు కలిసినా మోకాళ్ళ మధ్య ఖాళీ ఉండి కాళ్ళు విల్లులాగా కనపడితే బరువంతా లోపలి వైపే పడుతుంది. ఆ వంకర సరిచెయ్యకుండా లోపల గుజ్జుకి ఏం రిపేరు చేసినా నిలవదు. దీనికి నిలబెట్టి తుంటి నుంచి చీలమండ దాకా తీసే పొడుగు ఎక్స్‌రే కావాలి, చాలామందికి అది తియ్యకుండానే సలహా ఇచ్చేస్తారు.

తర్వాత వయసు, బరువు, షుగరు, ఎన్ని వారాలు పని మానుకోగలం, కింద కూర్చోవడం మనకి ఎంత ముఖ్యం, డబ్బు. చివర రాశానని డబ్బు చిన్న విషయం అనుకోకండి, దాని గురించి విడిగా కింద రాశాను.

మోకాల్లో ఒక్క చోట గుంట పడితే

ఇది ఎక్కువగా 50 లోపు వాళ్ళ సంగతి. మిగతా కీలు బాగుండాలి, ఎముకల్ని కలిపి పట్టుకునే లిగమెంట్లు గట్టిగా ఉండాలి, కాలు తిన్నగా ఉండాలి.

| పద్ధతి | ఎంత దెబ్బకి | ఏం చేస్తారు | మంచి | చెడ్డ |
|---|---|---|---|---|
| మైక్రోఫ్రాక్చర్ | సుమారు 2 చదరపు సెంటీమీటర్ల లోపు | ఎముకలో చిన్న బెజ్జాలు చేస్తే రక్తం వచ్చి గడ్డకట్టి కొత్త పొర వస్తుంది | ఒకటే ఆపరేషన్, చిన్న బెజ్జాల్లోంచి కెమెరాతో చేసే కీహోల్‌లో, ఖర్చు తక్కువ | వచ్చే పొర అసలు దానంత గట్టిది కాదు, కొన్నేళ్ళకి పలచబడొచ్చు |
| మొజాయిక్‌ప్లాస్టీ | సుమారు 1 నుంచి 4 చదరపు సెంటీమీటర్లు | అదే మోకాల్లో బరువు పడని చోటు నుంచి గుజ్జుతో ఉన్న ఎముక ముక్కలు తీసి గుంటలో దిగ్గొడతారు | అసలైన గుజ్జే వస్తుంది | ముక్క తీసిన చోట నొప్పి ఉండొచ్చు, తియ్యడానికి చోటు తక్కువ |
| కణాల పెంపకం | పెద్ద గుంటలు, 2 చదరపు సెంటీమీటర్ల పైన | గుజ్జు కణాలు తీసి ల్యాబ్‌లో పెంచి మళ్ళీ పెడతారు | పెద్ద దెబ్బకి మిగతావాటి కంటే నమ్మకం | రెండు ఆపరేషన్లు, ఖర్చు బాగా ఎక్కువ, కోలుకోవడానికి ఏడాది |

మైక్రోఫ్రాక్చర్‌ని 1980ల్లో అమెరికాలో కొలరాడోలో రిచర్డ్ స్టెడ్‌మన్ అనే సర్జన్ పైకి తెచ్చారు. కణాల పద్ధతి స్వీడన్‌లో పుట్టింది, 23 మంది మీద చేసిన ఫలితాలు 1994లో వచ్చాయి, ఇప్పుడు ఆ కణాల్ని ఒక పల్చటి పొర మీద పెంచి అతికిస్తున్నారు, ఆ రకానికి అమెరికాలో 2016 డిసెంబరులో అనుమతి వచ్చింది. అక్కడుండే మనవాళ్ళు దీని గురించి అడిగితే ముందు ఇన్సూరెన్స్ ఒప్పుకుంటుందో లేదో కనుక్కోండి.

ఈ మూడిట్లో ఏది చేయించుకున్నా చాలామంది కాలు జారేది ఒక్క చోటే, ఆపరేషన్ తర్వాత. కీహోలే కదా, రెండు కుట్లే కదా, వారంలో డ్యూటీకి వెళ్ళిపోవచ్చు అనుకుంటారు. మామూలుగా ఆరు వారాలు చంక కర్రలతో ఉండాలి, డాక్టరు చెప్పిందాకా ఆ కాలు మీద పూర్తి బరువు వెయ్యకూడదు, అదే సమయంలో మోకాలు రోజూ మడుస్తూ చాపుతూ ఉండాలి, లేకపోతే బిగుసుకుపోతుంది. ఆడుకోవడం ఆరు నెలల నుంచి ఏడాది తర్వాతే. ఈ ఆరు వారాలు ఇవ్వలేని పరిస్థితిలో ఉంటే, అంటే రోజు కూలీయో డ్రైవరో అయితే, ఇవ్వగలిగే టైం చూసుకునే చేయించుకోండి, సగం పాటిస్తే ఆపరేషన్ వృథా అవుతుంది.

నా మటుకు నేను చిన్న గుంటకి, మొదటిసారికి సింపుల్ పద్ధతే మేలనుకుంటాను. కానీ పెద్ద గుంటకి చవగ్గా అవుతుందని మైక్రోఫ్రాక్చర్ చేయించుకోవడం సరైన పొదుపు కాదు, అది ఎముకని కూడా కొంత పాడు చేస్తుంది, తర్వాత కణాల పద్ధతి చేసినా ఫలితం తగ్గుతుంది.

మోకాలు అరిగిపోతే

ముందు ఒకటి తీసి పక్కన పెట్టేద్దాం. అరిగిన మోకాల్లో కెమెరా పెట్టి కడిగి శుభ్రం చేస్తాం అంటారు కదా, దాన్ని అమెరికాలో హ్యూస్టన్‌లో 180 మంది మీద పరీక్షించారు, కొందరికి నిజంగా కడిగారు, కొందరికి చర్మం మీద కోత పెట్టి కుట్టేశారంతే. 2002లో ఫలితాలు వస్తే ఇద్దరికీ నొప్పి ఒకేలా ఉంది. అరుగుదలకి మాత్రమే అయితే కడిగించుకోవడం కోసం డబ్బు పెట్టొద్దు. మోకాలు మధ్యలో ఇరుక్కుని చాపలేకపోతుంటే, లోపల ముక్క ఊడి తిరుగుతుంటే అది వేరే సంగతి.

ఇంక మిగిలేవి మూడు. ఎముక కోసి కాలు తిన్నగా చెయ్యడం, సగం మోకాలు మార్చడం, మొత్తం మార్చడం.

ఎముక సరిచేసే ఆపరేషన్ గురించి మన దగ్గర మాట్లాడేవాళ్ళు తక్కువ, నాకు బాధనిపించేది అదే. 40, 50 ఏళ్ళ మధ్య ఉండి, కాళ్ళు విల్లులా వంగి, లోపలి వైపు మాత్రమే అరిగి, పొలంలోనో షాపులోనో నిలబడి పనిచేసే మనిషికి ఇది చాలా సరిపోతుంది. మోకాలి కింది ఎముకని కోసి కొంచెం తెరిచి ప్లేటు వేస్తారు, బరువు బయటి వైపు బాగున్న గుజ్జు మీదికి మారుతుంది. సొంత కీలు సొంతంగానే ఉంటుంది, ఎముక అతుక్కున్నాక బరువులు మొయ్యొచ్చు, చాలామంది కింద కూర్చోగలుగుతారు. కానీ ఎముక అతకడానికి మూడు నెలలు పడుతుంది, సిగరెట్ తాగేవాళ్ళకి అతకడం ఆలస్యమవుతుంది, నొప్పి పూర్తిగా సున్నా అవుతుందని చెప్పలేం, పదేళ్ళో పదిహేనేళ్ళో పోయాక మార్పిడి అవసరం పడొచ్చు. ఆ పదేళ్ళే దీని విలువ, 45లో మార్చాల్సిన మోకాలు 58లో మారితే ఆ మనిషికి ఎంత లాభమో ఆలోచించండి.

సగం మోకాలు మార్పిడి, అంటే అరిగిన లోపలి వైపు మాత్రమే మార్చడం. మోకాలి లోపల ముందువైపు లిగమెంట్ (ఏసీఎల్) బాగుండాలి, అరుగుదల ఒక వైపే ఉండాలి, రుమటాయిడ్ లాంటి వాతం ఉండకూడదు. కోత చిన్నది, త్వరగా కోలుకుంటారు, మోకాలు మనదే అన్నట్టుగా ఉంటుంది. బదులుగా ఎన్నాళ్ళు నిలుస్తుంది అన్న దగ్గర కొంచెం తగ్గుతుంది. 2019లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చిన లెక్కల ప్రకారం మొత్తం మోకాలు మార్పిడి చేసినవాటిలో దాదాపు 82 శాతం, సగం మార్పిడి చేసినవాటిలో 70 శాతం 25 ఏళ్ళు నిలిచాయి.

మొత్తం మార్పిడి గురించి అందరికీ తెలుసు. మర్నాడే నడిపిస్తారు, మూడు నెలలకి మామూలు పనులు, పూర్తిగా సర్దుకోవడానికి ఏడాది. 65 దాటినవాళ్ళకి, రాత్రి నిద్ర పట్టనంత నొప్పి ఉన్నవాళ్ళకి, మందులూ వ్యాయామం బరువు తగ్గడం అన్నీ చూసేసినవాళ్ళకి ఇది నిజంగా వరం. మా అమ్మ ఇప్పుడు గుడికి నడిచి వెళ్తుంది. అయినా ఒక మాట ముందే చెప్పుకోవాలి, చేయించుకున్న ఐదుగురిలో సుమారు ఒకరు అనుకున్నంత బాగోలేదంటారు. కింద కూర్చోవడం, ఇండియన్ లెట్రిన్ వాడటం వద్దంటారు, మోకాళ్ళ మీద వంగి ముగ్గు వెయ్యడం అమ్మకి ఇప్పటికీ అవ్వదు. చిన్న వయసులో చేయించుకుంటే మళ్ళీ మార్చాల్సిన అవకాశం ఎక్కువ. బ్రిటన్ లెక్కల్లో 50ల మొదట్లో చేయించుకున్న మగవాళ్ళలో జీవితకాలంలో మూడో వంతు మందికి రెండోసారి చెయ్యాల్సొస్తుందని తేలింది, 70 దాటాక చేయించుకున్నవాళ్ళకి అది 5 శాతం దగ్గరే.

రెండూ ఒకేసారి చేయించాలా అని మేమూ కొట్టుకున్నాం. ఒకేసారైతే ఒకటే మత్తు, ఒకటే సెలవు, ఖర్చూ కలిసొస్తుంది, కానీ గుండె మీద భారం ఎక్కువ. అమ్మకి స్టెంట్ ఉంది కాబట్టి నాలుగు నెలల తేడాతో చేయించాం. రోబో సాయంతో చేసే ఆపరేషన్ గురించి పెద్ద పెద్ద హోర్డింగులు చూసి కంగారు పడకండి, కోత కొలత కచ్చితంగా వస్తుంది నిజమే, కానీ ఏళ్ళు గడిచాక నడకలో, నొప్పిలో పెద్ద తేడా ఉన్నట్టు గట్టిగా తేలలేదు. చేసే సర్జన్ ఏడాదికి ఎన్ని చేస్తారన్నది దానికంటే ముఖ్యం.

తుంటి సంగతి

ఇక్కడ టైమే అన్నిటికంటే పెద్ద విషయం, అందుకే దీని మీద ఎక్కువ రాస్తున్నాను.

రక్తం అందక బంతి చచ్చిపోయే జబ్బుని ఏవీఎన్ అంటారు. స్టెరాయిడ్లు, మద్యం ఎక్కువ తాగడం, తుంటి విరగడం, వంశపారంపర్యంగా వచ్చే రక్తం జబ్బు సికిల్ సెల్, ఇవి ముఖ్యమైన కారణాలు. మన ఏజెన్సీ ప్రాంతాల్లో సికిల్ సెల్ ఉన్న పిల్లలకి, కుర్రాళ్ళకి గజ్జల్లో నొప్పి వస్తే ఇది గుర్తుకు రావాలి. మొదట్లో ఎక్స్‌రే మామూలుగానే కనిపిస్తుంది, ఎంఆర్ఐలోనే తెలుస్తుంది. దెబ్బ తగలకుండా వచ్చినప్పుడు సగానికి పైగా మందికి రెండో తుంటిలో కూడా ఉంటుంది, అందుకే ఎంఆర్ఐ రెండు తుంట్లకీ తియ్యమనండి. మా వాడికి ఎడమ వైపు మొదటి దశలో దొరికింది అలాగే.

బంతి గుండ్రంగా ఉన్నంత వరకు కోర్ డీకంప్రెషన్ చెయ్యొచ్చు. తొడ పక్క నుంచి సన్నగా బంతి లోపలికి బెజ్జం చేసి ఒత్తిడి తగ్గిస్తారు, కొందరు మన ఎముక మజ్జ తీసి అందులో ఎక్కిస్తారు. చిన్న ఆపరేషన్, సుమారు ఆరు వారాలు కర్రలు. దెబ్బ చిన్నదైతే చాలామందికి బంతి నిలుస్తుంది, పెద్దదైతే చేసినా కుంగిపోవచ్చు. కుంగాక మాత్రం దీనితో లాభం లేదు, తుంటి మార్పిడే. కాబట్టి 30ల్లో ఉన్నవాళ్ళకి ఆపరేషనా వద్దా అని ఆరు నెలలు ఊగిసలాడటం ప్రమాదం, మోకాలి అరుగుదలలో ఆరు నెలలు ఆగినా పెద్దగా పోయేదేం ఉండదు. ఈ తేడా మాకు ముందు ఎవరూ చెప్పలేదు.

ఇంకోటి, బంతి మెడ దగ్గరో, బంతి కూర్చునే గిన్నె అంచు దగ్గరో ఎముక కొంచెం ఎక్కువ పెరిగి రాసుకోవడం. ఆటలాడేవాళ్ళు, జిమ్‌లో డీప్ స్క్వాట్లు చేసేవాళ్ళు గొంతుక్కూర్చుంటే గజ్జల్లో పొడిచినట్టుంటుంది అంటారు. స్విట్జర్లాండ్‌లో బెర్న్‌లో రీన్‌హోల్డ్ గాంజ్ బృందం 2003లో దీన్ని వివరంగా చెప్పింది. కీహోల్‌లో ఆ ఎముక చెక్కి చిరిగిన అంచు కుట్టేస్తారు. బ్రిటన్‌లో 348 మందితో చేసిన పరీక్షలో ఫిజియోథెరపీ చేసినవాళ్ళూ బాగుపడ్డారు, ఆపరేషన్ అయినవాళ్ళు ఏడాదికి ఇంకొంచెం ఎక్కువ బాగుపడ్డారు. అందుకని మూడు నెలలు శ్రద్ధగా ఫిజియో చేసి తగ్గకపోతేనే ఆపరేషన్ అన్నది నాకు సబబుగా అనిపిస్తుంది. ఎక్స్‌రేలో కీలు సందు 2 మిల్లీమీటర్లకి తగ్గిపోయుంటే కీహోల్ వద్దు, గుజ్జు అప్పటికే పోయినట్టే. పుట్టుకతో గిన్నె లోతు తక్కువున్న వాళ్ళకి, ఎక్కువగా ఆడపిల్లలకి, గిన్నెనే కోసి తిప్పి పెట్టే పెద్ద ఆపరేషన్ ఉంది, అది కూడా గుజ్జు మిగిలున్నప్పుడే, బాగా అలవాటున్న సెంటర్లోనే.

తుంటి మార్పిడి 1962లో ఇంగ్లండ్‌లో జాన్ చార్న్లీ నిలబెట్టిన ఆపరేషన్, మోకాలితో పోలిస్తే చేయించుకున్నవాళ్ళ సంతోషం ఎక్కువ, చాలామంది తుంటి మారిన సంగతే మర్చిపోతారు. లాన్సెట్‌లోనే 2019లో వచ్చిన తుంటి లెక్కల్లో 15 ఏళ్ళకి 89 శాతం, 25 ఏళ్ళకి 58 శాతం నిలిచాయి, అవి పాతకాలపు ప్లాస్టిక్‌లతో చేసినవి కూడా కలిపి. ఇప్పుడు గిన్నెకి వాడే గట్టి ప్లాస్టిక్ తక్కువ అరుగుతుంది, కుర్రవాళ్ళకి సిరామిక్ బంతి దాంతో జత చేస్తున్నారు. సిరామిక్ మీద సిరామిక్ అయితే అరుగుదల ఇంకా తక్కువ కానీ కొందరికి కిర్రుమని చప్పుడొస్తుంది. మెటల్ మీద మెటల్ పెద్ద బంతుల జోలికి వెళ్ళొద్దు, 2010లో అలాంటి ఒక రకాన్ని ప్రపంచమంతా వెనక్కి తీసుకున్నారు, మన దేశంలో వేయించుకున్నవాళ్ళకి నష్టపరిహారం దాకా వెళ్ళింది. వెనక నుంచి కోత పెట్టినవాళ్ళు మొదటి మూడు నెలలు చిన్న పీట మీద కూర్చోవడం, కాలు మీద కాలు వేసుకోవడం మానాలి, జారిపోయే ప్రమాదం ఉంది.

ఇంజెక్షన్లు

పీఆర్‌పీ (మన రక్తంలోంచే ప్లేట్‌లెట్లు వేరు చేసి కీల్లోకి ఎక్కించేది) మొదటి దశ అరుగుదలలో కొందరికి కొన్ని నెలలు నొప్పి తగ్గిస్తుంది, పోయిన గుజ్జుని మాత్రం తిరిగి మొలిపించదు. స్టెమ్ సెల్స్‌తో కీలు కొత్తదవుతుందని లక్షలు అడిగే చోట ఆగండి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల్లో స్టెమ్ సెల్స్‌ని రక్త సంబంధ జబ్బులకి చేసే మార్పిడికి తప్ప మిగతా అన్నిటికీ పరిశోధనలో భాగంగానే వాడాలని ఉంది. పరిశోధన అయితే పేషెంటు దగ్గర డబ్బు ఎందుకు తీసుకుంటున్నారో అడగండి.

డబ్బు

మోకాల్లో పెట్టే కృత్రిమ కీళ్ళకి, అంటే ఇంప్లాంట్లకి, కేంద్రం 2017 ఆగస్టులో గరిష్ఠ ధర పెట్టింది, అప్పట్లో మామూలుగా వాడే కోబాల్ట్ క్రోమియం రకానికి 54,720, టైటానియం, ఆక్సిడైజ్డ్ జిర్కోనియం రకాలకి 76,600 రూపాయలు, జీఎస్టీ అదనం. అది ఇంప్లాంటుకే, గది, సర్జన్ ఫీజు, మందులకి కాదు, అందుకే ప్యాకేజీలో ఇంప్లాంటు కంపెనీ, మోడల్, ధర విడిగా రాసివ్వమనాలి, స్టిక్కర్ డిశ్చార్జ్ కాగితాల్లో అంటించి ఉండాలి. ఆరోగ్యశ్రీలో మీ ఆపరేషన్ ఉందో లేదో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని అడిగి తేల్చుకోండి, చుట్టాలు చెప్పింది నమ్మి ఆగిపోవద్దు. ప్రైవేటు ఇన్సూరెన్స్‌లో కీళ్ళ మార్పిడికి చాలా పాలసీల్లో రెండేళ్ళ వెయిటింగ్ ఉంటుంది, అది చూసుకోకుండా అడ్మిట్ అయిపోయి ఏడ్చినవాళ్ళని కళ్ళారా చూశాను.

మీరు ఎవరైతే ఏం చూడాలి

20, 30ల్లో ఉండి ఆటలో దెబ్బ తగిలినవాళ్ళు ఎంఆర్ఐలో గుంట సైజు ఎంత, లిగమెంట్ ఎలా ఉంది అడగండి, సైజే పద్ధతిని తేలుస్తుంది. 45 చుట్టూ ఉండి కాయకష్టం చేసేవాళ్ళకి ఎవరైనా నేరుగా మొత్తం మార్పిడి అంటే ఎముక సరిచేసే ఆపరేషన్ నాకెందుకు పనికిరాదో చెప్పండి అని అడిగి, జవాబు సరిగ్గా లేకపోతే రెండో అభిప్రాయం తీసుకోండి. పెద్దవాళ్ళకి షుగరు ముందు అదుపులోకి రావాలి, మూడు నెలల షుగరు (హెచ్‌బీఏ1సీ) 8 పైన ఉండగా చేయిస్తే ఇన్ఫెక్షన్ భయం పెరుగుతుంది, పంటిలో చీము, కాలి పుండు ఉన్నా ముందు అవి మాన్పించాలి. బరువు ఎక్కువున్నవాళ్ళు ఒక కిలో తగ్గితే అడుగు వేసిన ప్రతిసారీ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది, ఆపరేషన్ చేయించుకున్నా చేయించుకోకపోయినా ఇది పనికొచ్చేదే. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి ఇక్కడికొచ్చి చేయించుకుందాం అనుకునేవాళ్ళు మూడు వారాల సెలవు పెట్టుకుని రావొద్దు, కుట్లు విప్పాక ఫిజియో ఉంటుంది, పెద్ద ఆపరేషన్ తర్వాత వెంటనే పొడుగు విమాన ప్రయాణం చేస్తే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది.

తుంటీ మోకాలూ రెండూ పాడైనవాళ్ళు కూడా ఉంటారు, మా పెద్దమ్మ అలాగే. అప్పుడు మామూలుగా తుంటి ముందు చేస్తారు. బిగుసుకుపోయిన తుంటితో కొత్త మోకాలికి వ్యాయామం చెయ్యడం కష్టం, పైగా తుంటి మార్చాక మోకాలి నొప్పిలో కొంత తగ్గిపోవచ్చు, ఆ కొంత తుంటి నుంచి వచ్చిందే కాబట్టి. పెద్దమ్మకి తుంటి అయ్యి ఎనిమిది నెలలు అయింది, మోకాలి ఆపరేషన్ డేటు ఇంకా అడగలేదు.